నౌకల పట్టికలో లేని గడి

సంపాదకుడు గారికి,

భారత్, పాకిస్థాన్ నౌకాదళాల బలాబలాలపై ఈమధ్య మీరు వేసిన పట్టికలో అంకెలకు వంక పెట్టడానికేం లేదు. విమాన వాహక నౌకలు మనకు రెండు, వాళ్లకు లేవు. డిస్ట్రాయర్లు మనకు పదికి పైనే, వాళ్లకు ఒక్కటీ లేదు. అణు జలాంతర్గాములు మనకున్నాయి, వాళ్లకు లేవు. చదివినవాళ్లకు ‘మనకు ఎదురే లేదు’ అన్న ధీమా కలుగుతుంది. కానీ ఆ పట్టికలో ఒక గడి లేదు. ఉండి ఉంటే అందులో మనకు సున్నా, పాకిస్థాన్‌కు మూడు అని రాయాల్సి వచ్చేది. సముద్రంలో మైన్లను, అంటే నీటిలో పెట్టే మందుపాతరలను, వెతికి తీసే నౌకల (మైన్‌స్వీపర్ల) గడి అది. దాని గురించే ఈ లేఖ. అయితే ముందు మిగతా గడుల మీద రెండు మాటలు చెప్పాలి.

నౌకల తలలు లెక్కపెడితే 7,400 టన్నుల ఐఎన్ఎస్ విశాఖపట్నం ఒకటే, పాకిస్థాన్ రొమేనియాలో కట్టించుకున్న 2,300 టన్నుల యర్మూక్ కూడా ఒకటే. మొదటిదాని మీద 16 బ్రహ్మోస్‌లు, 32 బరాక్-8 క్షిపణులు ఉంటాయి. రెండోది ప్రధానంగా గస్తీ పని కోసం కట్టింది. కొన్ని వెబ్‌సైట్ల ర్యాంకుల్లోనైతే తీరంలో తిరిగే చిన్న పడవలు కూడా ఇదే లెక్కలో కలిసిపోతాయి. కనీసం టన్నుల బరువు, క్షిపణి గొట్టాల సంఖ్య పక్కన వేస్తే బొమ్మ కాస్త నిజానికి దగ్గరగా వస్తుంది. ఇలా లెక్కవేస్తే మన ఆధిక్యం పట్టికలో కనిపించిన దానికంటే ఇంకా పెరుగుతుంది కూడా.

పెరిగినదాన్ని తగ్గించే లెక్క ఇంకొకటుంది. ఏ నౌకాదళంలోనైనా మూడు నౌకలుంటే ఒకటి సముద్రంలో, ఒకటి శిక్షణలోనో సన్నద్ధమవుతూనో, ఇంకొకటి రీఫిట్‌లో (పెద్ద మరమ్మతుల్లో) ఉంటుందన్నది మోటు సూత్రం. పైగా మన నౌకలు పడమర, తూర్పు తీరాల మధ్య పంచి ఉంటాయి. విశాఖ నుంచి ముంబయికి శ్రీలంకను చుట్టి వెళ్లాలంటే 15 నాట్ల (గంటకు సుమారు 28 కిలోమీటర్ల) వేగంతో నాలుగైదు రోజుల ప్రయాణం. బంగాళాఖాతాన్ని, అండమాన్ దీవులను ఖాళీ చేసి మొత్తం దళాన్ని కరాచీ ముందు నిలబెట్టే పరిస్థితి రాదు, చైనా ఉన్నంత కాలం అసలే రాదు. పాకిస్థాన్‌కు ఆ బాధ లేదు. దాని తీరం వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు, చూసుకోవాల్సిందల్లా అరేబియా సముద్రమే. అదే దాని బలహీనత కూడా: సముద్ర వాణిజ్యమంతా కరాచీ, పోర్ట్ ఖాసిం, గ్వాదర్ చుట్టూనే తిరుగుతుంది. దారి మూసుకుపోతే మొదట కరువొచ్చేది చమురుకు.

అందుకే పాకిస్థాన్ నౌకాదళం మనతో నౌకకు నౌక పోటీ పడటం లేదు. మన పెద్ద నౌకలు తన తీరానికి దగ్గరగా రావాలంటే జంకేలా చేస్తే దానికి చాలు. డబ్బులో పెద్ద వాటా జలాంతర్గాముల మీద పెట్టడానికి కారణం అదే. చైనాతో 2015లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఎనిమిది హంగోర్ తరగతి జలాంతర్గాములు రావాలి. నాలుగు చైనాలో, నాలుగు కరాచీలో కట్టాలి. మొదటిదాన్ని 2024 ఏప్రిల్‌లో ఊహాన్‌లో నీళ్లలోకి దించారు. చైనాలో కట్టే నాలుగోదాన్ని 2025 డిసెంబరులో దించారు. దానికి పెట్టిన పేరు ఘాజీ. 1971లో విశాఖ దగ్గర మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి పేరే అది, విశాఖవాసులకు కొత్తగా చెప్పక్కర్లేదు.

మామూలు డీజిల్-ఎలక్ట్రిక్ జలాంతర్గామి నీటి కింద బ్యాటరీల మీద నడుస్తుంది. ఒకటి రెండు రోజులకోసారి పైకి వచ్చి, గాలి పీల్చే గొట్టాన్ని నీటి మీదికి ఎత్తి, డీజిల్ ఇంజిన్లు వేసి ఛార్జి చేసుకోవాలి. మన 12 పీ-8ఐ సముద్ర నిఘా విమానాల రాడార్లు కాపుకాసేది ఆ గొట్టం కోసమే. బయటి గాలి లేకుండానే నీటి కింద విద్యుత్తు తయారుచేసుకునే ఏఐపీ అనే వ్యవస్థ ఉంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. నాలుగైదు నాట్ల నెమ్మది వేగంతో రెండు వారాల దాకా పైకి రాకుండా ఉండొచ్చు. పాకిస్థాన్ దగ్గరున్న మూడు అగోస్టా-90బీలకు ఇది ఎప్పటినుంచో ఉంది. హంగోర్లకూ ఉంటుంది. మన ఆరు కల్వరి తరగతి జలాంతర్గాముల్లో ఒక్కదానికీ లేదు. డీఆర్‌డీవో తయారుచేసిన ఏఐపీని అమర్చాలంటే జలాంతర్గామిని అడ్డంగా కోసి, మధ్యలో కొత్త భాగం చేర్చి, మళ్లీ వెల్డింగ్ చేయాలి. ఆ భాగం కట్టడానికి ఒప్పందం 2024 డిసెంబరులోగానీ కుదరలేదు. ఆరింటిలో చివరిదైన వాగ్‌షీర్ సరిగ్గా ఆ మరుసటి నెలలోనే దళంలో చేరింది.

వాటి టార్పెడోల, అంటే నీటి కింద దూసుకెళ్లి నౌకలను పేల్చే ఆయుధాల, కథ ఇంకా విచిత్రం. కల్వరి కోసం ఎంపికచేసిన ఇటలీ బ్లాక్ షార్క్ టార్పెడోల కొనుగోలును, హెలికాప్టర్ల కుంభకోణంలో చిక్కుకున్న సంస్థకు అనుబంధ కంపెనీ కావడంతో, 2016లో రద్దుచేశారు. దాంతో కొత్త జలాంతర్గాములు పాత తరం టార్పెడోలతోనే సర్దుకుంటూ వచ్చాయి. తీరా 2025 డిసెంబరు చివర్లో అవే బ్లాక్ షార్క్‌లు 48 కొనడానికి సంతకాలయ్యాయి. అవినీతి మీద చర్య తీసుకోవద్దని ఎవరూ అనరు. కానీ ప్రత్యామ్నాయం చూసుకోకుండా రద్దుచేసి ఊరుకుంటే శిక్ష పడింది కంపెనీకా, మన నావికులకా?

ఇక మైన్ల సంగతి. 1971లో ఘాజీ విశాఖ తీరానికి వచ్చింది మన విమాన వాహక నౌక విక్రాంత్‌ను వేటాడటానికే కాదు, రేవు ముందు మైన్లు పరచడానికి కూడా. అది మునిగింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ ఛార్జీలకా (నీటి లోతున పేలే బాంబులకా), తన మైన్లకేనా అన్నది ఇరుపక్షాల మధ్య తెగని వాదం. వచ్చిన పని మీద మాత్రం వాదం లేదు. నేటికీ జలాంతర్గామి టార్పెడో గొట్టాల్లోంచే మైన్లను జారవిడవగలదు. ఇందుకు గొప్ప నౌకాదళం ఉండనక్కర్లేదు. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ పరచిన మైన్లకు ఫిబ్రవరి 18న ఒక్కరోజే ట్రిపోలీ, ప్రిన్స్‌టన్ అనే రెండు అమెరికా యుద్ధనౌకలు దెబ్బతిన్నాయి. అప్పటికి ఇరాక్ నౌకాదళం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

ఇప్పటి మైన్ తేలుతూ కనబడే ముళ్ల బంతి కాదు. సముద్రం అడుగున బురదలో పడుకుని ఉంటుంది. పైన వెళ్లే నౌక ఉక్కు వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పు, ప్రొపెల్లర్ చప్పుడు, నీటి ఒత్తిడిలో తగ్గుదల, ఈ మూడింటినీ కనిపెడుతుంది. మొదటి నాలుగు నౌకలను పోనిచ్చి అయిదోదాని కింద పేలేలా కూడా అమర్చవచ్చు. కాబట్టి ‘పొద్దున ఒక ఓడ క్షేమంగా వెళ్లింది’ అన్నది ఏమాత్రం భరోసా కాదు. పేలుడుకు పుట్టిన వాయు బుడగ నౌకను మధ్యలో ఎత్తి కుదేస్తే దాని వెన్ను విరుగుతుంది.

దీన్ని తీసే నౌక ఒళ్లు చెక్కతోనో ఫైబర్‌తోనో ఉండాలి, ఇంజిన్ చప్పుడు అతి తక్కువగా ఉండాలి. మామూలు యుద్ధనౌకను ఈ పనికి పంపితే మైన్‌కు ఎర వేసినట్టే. పని కూడా శాంతికాలంలోనే మొదలవ్వాలి. రేవు దారి అడుగున ఉన్న ప్రతి రాయి, డ్రమ్ము, తెగిపడిన లంగరు గొలుసు సోనార్‌తో (ధ్వని తరంగాలతో నీటి అడుగును చూసే పరికరంతో) గుర్తించి మ్యాపులో పెట్టుకోవాలి. యుద్ధమొచ్చాక మనిషి నడక వేగంతో అదే దారిలో వెళ్తూ, మ్యాపులో లేనిది ఏం కనబడుతుందో చూడాలి. అనుమానం వస్తే దూరంగా ఆగి, కెమెరా ఉన్న చిన్న రిమోట్ వాహనాన్ని పంపి, దాంతో పేలుడు పదార్థం పక్కన పెట్టించి పేల్చాలి. అడుగున చెత్త ఎక్కువగా ఉండే రేవుల్లో అనుమానాస్పద వస్తువులు వందల్లో తేలతాయి. పాత మ్యాపు లేకపోతే ప్రతిదాన్నీ దగ్గరికెళ్లి చూడాల్సిందే, రోజులు గడిచిపోతాయి.

పాకిస్థాన్ ఇలాంటి ఫైబర్ నౌకలను మూడింటిని ఫ్రాన్స్ నమూనాలో సమకూర్చుకుంది. మనం సోవియట్ యూనియన్ నుంచి 12 తెచ్చుకున్నాం. ఐఎన్ఎస్ కాకినాడ 2017లో, చివరిదైన ఐఎన్ఎస్ కోజికోడ్ 2019లో సెలవు తీసుకున్నాయి. వాటి స్థానంలో దక్షిణ కొరియా పరిజ్ఞానంతో గోవా షిప్‌యార్డ్‌లో 12 కట్టాలన్న సుమారు 32 వేల కోట్ల రూపాయల ప్రతిపాదన ఏళ్ల తరబడి బేరాలు సాగి 2018లో రద్దయింది. 2025 జులైలో రక్షణ కొనుగోళ్ల మండలి మళ్లీ ఆమోదం తెలిపింది. అది అవసరాన్ని ఒప్పుకోవడం మాత్రమే. ఆ తర్వాత టెండరు, పరీక్షలు, ధర బేరం, ఒప్పందం, అప్పుడు నౌక అడుగు దూలం (కీల్) వేసి నిర్మాణం మొదలుపెట్టడం. మొదటి నౌక చేతికి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో పై చరిత్ర చూసి ఎవరైనా అంచనా వేసుకోవచ్చు.

విశాఖ లోపలి హార్బర్‌లోకి దారి డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలువ ఒక్కటే. నేవల్ డాక్‌యార్డ్ నౌకలు, సరుకు ఓడలు అందులోంచే రావాలి, పోవాలి. ఆ కాలువ ముందు నాలుగు మైన్లు ఉన్నాయన్న అనుమానం చాలు, నిజంగా ఉండాల్సిన పని కూడా లేదు. మీ పట్టికలో మనవైపు మెరుస్తున్న డిస్ట్రాయర్లలో కొన్ని కట్టేసిన చోటే ఉండిపోతాయి.

నేరుగా యుద్ధం వస్తే సముద్రంలో పైచేయి మనదేనన్న దాంట్లో నాకు సందేహం లేదు. ఎన్ని నౌకలు పోగొట్టుకుని, ఎన్ని రోజులకు అన్నదే ప్రశ్న. ఈసారి పట్టిక వేసినప్పుడు మైన్‌స్వీపర్లు, ఏఐపీ ఉన్న జలాంతర్గాములు, ఈ రోజుకు సముద్రంలోకి వెళ్లగల నౌకలు అని మూడు గడులు చేర్చండి. మూడోదానికి అంకె దొరకకపోతే ఖాళీగానే వదిలేయండి. అలాగే తీర జిల్లాల ఎంపీలను మీ విలేకరులు అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి: మైన్‌స్వీపర్ల టెండరు ఏ తేదీకి పిలుస్తారు? అవి వచ్చేదాకా విశాఖ, ముంబయి, కొచ్చి రేవు దారులను శుభ్రం చేయడానికి అద్దెకో, అరువుకో ఏ ఏర్పాటు ఉంది?

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం