గిండిలో తమిళం రాసిచ్చిన అక్కకు

అక్కా, మీ పేరడగడం మర్చిపోయాను. చెన్నైలో గిండి స్టేషన్ దగ్గర స్టేషనరీ షాపులో, హాస్టల్ ఎలక్షన్ పోస్టర్ల ప్రింటింగ్‌కి బేరమాడుతున్న కుర్రాణ్ణి నేనే. "ప్రింటువి పెడితే నామినేషన్‌కే ఎసరు తమ్ముడూ. స్టూడెంట్ ఎలక్షన్లకి లింగ్డో కమిటీ పెట్టిన రూల్. చేత్తో రాసినవే పెట్టాలి, ఖర్చు 5000 దాటకూడదు" అని ఆపారు. 2006 నుంచీ ఉన్న రూలే, పోటీ చేసే నాకే తెలీదు!

నా తమిళం చూసి నవ్వేసి, కౌంటర్ మీద చార్టు పరిచి, స్కెచ్ పెన్నుతో 'తణ్ణీర్' (నీళ్లు) అని పెద్దక్షరాల్లో మీరే రాసిచ్చారు. పక్కనే ఎండిపోయిన కుళాయి బొమ్మ. మీ చున్నీకంటిన నీలం ఇంకు పోయిందో లేదో.

హాస్టల్ సెక్రటరీగా గెలిచానక్కా. మూడో అంతస్తుకి వాటర్ కూలర్ వచ్చింది. మీ చార్టు ఇంకా మెస్ గోడకే ఉంది, నేనే తీయనివ్వట్లేదు. చాలా థాంక్స్.