హెడ్ పని ఇచ్చేవాళ్ళకి, ఇంట్లో ప్యాకింగ్ గీకేవాళ్ళకి

నమస్తే అండి. ఆటోనగర్‌లో మన షాపుకి వచ్చేవాళ్ళందరికీ ఒక విషయం దాచకుండా చెప్పేయాలి. పోయిన నెల మా దగ్గర ఒక తప్పు జరిగింది. ఒక 150 సీసీ బండికి హెడ్ (ఇంజిన్ పై భాగం) దించాం, దాని కింద లీక్ కాకుండా వేసే పాత ప్యాకింగ్ (గ్యాస్కెట్) మొండిగా అతుక్కుపోయి రాకపోతే మా కుర్రాడు గ్రైండర్‌కి అబ్రేసివ్ డిస్క్ పెట్టి రెండు నిమిషాల్లో అద్దంలా చేసేశాడు, నేనూ చూసి బాగుందనే అన్నాను. మూడు వారాలకి బండి కింద నుంచి శబ్దంతో వెనక్కొచ్చింది, విప్పితే క్రాంక్ బేరింగ్ పోయింది. ఇలాంటి డిస్కుల్లో ఉండేది అల్యూమినియం ఆక్సైడ్ అండి, ఆ పొడి ఇంజిన్ లోపలి టైమింగ్ చైన్ సందులోంచి కిందకి జారి ఆయిల్‌లో కలిస్తే బేరింగుల్ని తినేస్తది. జనరల్ మోటార్స్ వాళ్ళయితే ఇదే విషయం మీద మెకానిక్‌లకి బులెటిన్ కూడా ఇచ్చారు. మనం చదవలేదు, అంతే. ఖర్చంతా నేనే పెట్టుకుని ఆ కస్టమర్‌కి జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఇకనుంచి షాపులో డిస్క్ లేదు. హెడ్ పనికి ఒకరోజు ఎక్కువ పడుద్ది, లేబర్ మాత్రం పెంచట్లేదు.

లేబర్ మిగులుద్దని ఇంటి దగ్గరే క్లీన్ చేసుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, చేసుకోండి, ఓపిగ్గా చేస్తే ఇంట్లో చేసిందే బాగుంటది, మీకు వెనకాల ఇంకో నాలుగు బండ్లు వెయిటింగ్‌లో ఉండవు కదా. కాకపోతే ముందు బోరులో (పిస్టన్ ఆడే గొట్టం), ఆయిల్ హోల్స్‌లో, చైన్ సందులో గుడ్డ కుక్కండి. గ్యాస్కెట్ రిమూవర్ గానీ థిన్నర్ గానీ రాసి పావుగంట నాననివ్వండి (వరండాలో చేయండి, పొయ్యి దగ్గర వద్దు), తర్వాత ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకండి, రాకపోతే మళ్ళీ నానబెట్టండి గానీ స్క్రూడ్రైవర్, హాక్సా బ్లేడ్ పట్టుకోవద్దు, అల్యూమినియం చాలా మెత్తన, బోరు నుంచి బయటి అంచు దాకా ఒక్క గీత పడినా కంప్రెషన్ (ఇంజిన్ లోపలి ఒత్తిడి) అందులోంచే పోద్ది. బాగా పాతకాలం బండ్ల ప్యాకింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, పొడిగా ఉన్నప్పుడు గీకొద్దు, ఊదొద్దు, తడిపే తీయండి.

ఎక్కువమంది మర్చిపోయేది బోల్ట్ హోల్స్. అడుగు మూసి ఉన్న హోల్‌లో ఆయిల్ గానీ థిన్నర్ గానీ నిలిచి ఉంటే, పైనుంచి బోల్ట్ బిగిస్తుంటే అది పోయే దారి లేక కేసింగే పగిలిపోద్ది, ఒక్కోసారి బోల్ట్ టైట్ అయినట్టు అనిపిస్తది గానీ ప్యాకింగ్ నొక్కుకోదు. పుల్లకి దూది చుట్టి అడుగుదాకా తుడవండి.

ఆఖర్న తెల్ల గుడ్డకి మరక అంటనంతవరకు తుడిచి, స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకర లేని స్టీల్ పట్టీ) అడ్డంగా, నిలువుగా, ఐమూలగా పెట్టి 0.05 మి.మీ. ఫీలర్ బ్లేడ్ (సందు కొలిచే పల్చటి రేకు) దాని కింద దూర్చి చూడండి. ఎక్కడైనా దూరితే మీ బండి మాన్యువల్‌లో లిమిట్ ఎంతో చూసుకోవాలి, దాటితే లేత్ దగ్గర ఫేసింగ్ (ముఖం చదును) చేయించాల్సిందే, గమ్ పూసి బిగిస్తే ఆగదు.

ఫీలర్ గేజ్ లేనివాళ్ళు బిగించకముందే హెడ్ పట్టుకుని సాయంత్రం 6 తర్వాత రండి, చూసి చెప్తాను, డబ్బులేం వద్దు.