క్వాయ్ వంతెన సినిమాలో లేని కూలీలు

సంపాదకులకు,

ఏడు ఆస్కార్లు అందుకున్న 'ది బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్' (1957) చూసి సయాం-బర్మా రైలుమార్గం కథంతా తెలిసిపోయిందనుకునేవారు చాలామందే. రెండో ప్రపంచయుద్ధంలో సయాం (ఇప్పటి థాయిలాండ్) నుంచి బర్మాకు జపాన్ సైన్యం యుద్ధఖైదీలతో, కూలీలతో వేయించిన దారి అది. ఆ దారి వేస్తూ చచ్చిపోయినవారిలో మలయా రబ్బరు తోటల తెలుగువాళ్లూ ఉన్నారు. అందుకే ఈ ఉత్తరం.

సినిమాలో జపాన్ ఇంజనీర్లకు వంతెన కట్టడం చేతకాదు. ఖైదీగా ఉన్న బ్రిటిష్ కల్నల్ చోటు మార్చి, కొత్త నక్షతో కట్టి చూపిస్తాడు. నిజానికి 415 కిలోమీటర్ల దారిని సర్వే చేసి, నక్షలు గీసింది జపాన్ రైల్వే రెజిమెంట్లే. కాంచనబురి పక్కనున్న తమర్కాన్ దగ్గర ముందు కర్ర వంతెన, పక్కనే జావా నుంచి తెచ్చిన ఉక్కు గర్డర్లతో ఇంకొకటి లేచాయి. అక్కడి ఖైదీల పెద్ద, బ్రిటిష్ అధికారి ఫిలిప్ టూసీ సినిమా కల్నల్‌లా వంతెన మీద మోజుపడ్డ మనిషి కాదు. ఆయన మనుషులు దూలాల్లోకి చెదపురుగులు వదిలారు, కాంక్రీటు పాళ్లు చెడగొట్టారు. సినిమా చివర కమాండోలు వంతెన పేల్చడం కల్పితం. 1945లో విమానాల బాంబులకు స్పాన్లు (స్తంభాల మధ్య భాగాలు) కూలాయి. నది పేరూ తప్పే. వంతెన కట్టినప్పుడు ఆ నది పేరు మేక్లాంగ్. సినిమా చూసి వచ్చే యాత్రికుల కోసం 1960లో ఆ పాయకు క్వాయై అని పేరు మార్చారు. సినిమా కోసం నదే సర్దుకుంది!

ఇంతవరకు వినోదం కోసమని సరిపెట్టుకోవచ్చు. తలల లెక్క దగ్గర మాత్రం సరిపెట్టుకోలేం. మిత్రపక్షాల ఖైదీలు 60 వేలకు పైగా ఉంటే 12 వేలకు పైగా చనిపోయారు. ఆసియా కూలీలు సుమారు 2 లక్షలు. పోయినవారు 80 వేల నుంచి లక్ష దాకా అని అంచనా. తెరమీద వాళ్ల శిబిరం ఒక్కటీ కనిపించదు.

మంచి కూలి, కొన్ని నెలల పని, కుటుంబానికి వసతి అని జపాన్‌వాళ్లు కూలీలకు మొదట ఆశపెట్టారు. జనం చాలక పట్టుకుపోవడం మొదలుపెట్టారు. ఉచితంగా సినిమా వేస్తామని పిలిచి, హాలు నిండాక తలుపులు మూసి లారీలెక్కించారని బతికొచ్చినవారు చెప్పారు. ఖైదీల్లో సైనిక వైద్యులుండేవారు. నీళ్లు కాచి తాగించడం, మరుగుదొడ్లు దూరంగా తవ్వించడం వాళ్ల ఆజ్ఞ మీద జరిగేది. కూలీల శిబిరాల్లో చాలావాటికి వైద్యుడూ లేడు, చెప్పి చేయించేవాడూ లేడు. 1943 వానల్లో కలరా వాళ్ల గుడిసెలను ఊడ్చేసింది. ఖైదీల పేర్లకు రెజిమెంటు జాబితాలున్నాయి కాబట్టి యుద్ధం అయ్యాక సమాధులు వెతికి, పేర్లు చెక్కారు. కూలీలకు జాబితాయే లేదు.

థాయిలాండ్ టూర్లకు వెళ్లే మనవాళ్లకు ఒక సూచన. కాంచనబురి వంతెన మీద విల్లులా వంగినవి పాత స్పాన్లు. తిన్నగా ఉన్న రెండూ యుద్ధం తర్వాతవి. ఫొటోలు దిగాక ఊళ్లోని వాట్ థావోన్ వరారామ్‌కు కూడా వెళ్లండి. కూలీల అస్థికల మీద కట్టిన స్తూపం అక్కడుంది.

ఒక చరిత్ర అధ్యాపకుడు,
కాకినాడ