ఈ ఏడాది మనం ఎవరి మాట విన్నాం: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. వంటల దగ్గర, పార్కింగ్ దగ్గర, చివర్లో హాలు ఊడ్చే దగ్గర నిలబడ్డ వాలంటీర్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఫొటోలు మీ అందరి ఫోన్లలో ఉన్నాయి కాబట్టి పండగల గురించి ఇక్కడ ఎక్కువ రాయను. ఈ నివేదికలో ఎక్కువ చోటు, ఇక్కడి నల్లజాతివాళ్ల అనుభవాలు వినడానికి ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టిన సమావేశాలకి ఇస్తున్నాను. వాటికి చాలామంది రాలేకపోయారు, వచ్చినవాళ్లలో కూడా కొందరు "తెలుగు సంఘానికి నల్లవాళ్లు తెల్లవాళ్ల గొడవ ఎందుకండీ, మన పాట, మన వంట, మన పిల్లలకి మన భాష, అది చాలదా" అని మొహమాటం లేకుండా అడిగారు. అడగాల్సిన మాటే, జవాబు చెప్పాల్సింది కార్యవర్గమే.

జవాబు ఇక్కడే, అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో మన ఓలేతా ఊళ్లోనే ఉంది. 2017 ఫిబ్రవరి 22 రాత్రి "మా దేశంలోంచి పో" అని అరుస్తూ ఒకడు కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపాడు. పక్కనే ఉన్న ఆయన స్నేహితుడు మాదసాని అలోక్‌ గాయపడ్డాడు, ఆపబోయిన ఇయాన్ గ్రిలట్ అనే తెల్ల యువకుడికీ తూటా తగిలింది. ఆ తర్వాత జరిగింది అప్పుడు ఇక్కడున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. కొవ్వొత్తులు పట్టుకుని జనం వచ్చారు, చర్చిల్లో ప్రార్థనలు చేశారు, మార్చి 16ని భారతీయ అమెరికన్లను గౌరవించే రోజుగా కాన్సస్ రాష్ట్రం ప్రకటించింది. ముక్కూమొహం తెలియనివాళ్లు మన దగ్గరికి వచ్చి మీకు భయంగా ఉందా అని అడిగారు, మనం చెప్తుంటే అడ్డం పడకుండా విన్నారు.

ఆరేళ్లకి, 2023 ఏప్రిల్ 13న, నది అవతల కాన్సస్ సిటీ ఉత్తర భాగంలో రాల్ఫ్ యార్ల్ అనే పదహారేళ్ల నల్లజాతి పిల్లాడు తమ్ముళ్లని ఇంటికి తీసుకురావడానికి వెళ్లాడు. 115వ టెర్రేస్‌కి వెళ్లాల్సినవాడు పొరపాటున 115వ స్ట్రీట్‌లో ఇంటి బెల్లు కొట్టాడు. లోపలున్న ఎనభై నాలుగేళ్ల తెల్లాయన తలుపు తీస్తూనే తల మీద ఒకసారి, చేతి మీద ఒకసారి కాల్చాడు. పిల్లాడు బతికాడు. అడ్రస్ తప్పడం మనకీ రోజూ జరిగేదే, ఈ ఊళ్లో స్ట్రీటు, టెర్రేసు, ప్లేసు అన్నీ ఒకే నంబరుతో ఉంటాయి. ఆ వారం మన వాట్సాప్ గ్రూపుల్లో నడిచింది మాత్రం మన పిల్లల్ని రాత్రిళ్లు డెలివరీ పనికి పంపాలా వద్దా అనే చర్చే. మనకి దెబ్బ తగిలినప్పుడు ఊరంతా వచ్చి మన మాట విన్నది. పక్కింటివాళ్లకి తగిలినప్పుడు మనమూ వెళ్లి వినాలి కదా అని ఒక సభ్యురాలు జనరల్ బాడీలో అన్నారు, ఈ సమావేశాలు ఆ మాటతోనే మొదలయ్యాయి.

మొదటి సమావేశం వేడిగానే జరిగింది. వైట్ ప్రివిలేజ్ (తెల్లగా పుట్టినందుకే అడక్కుండా దొరికే వెసులుబాటు) అనగానే హాల్లో సగంమందికి కోపం వచ్చింది. "మేం రెండు సూట్‌కేసులతో వచ్చాం, మాకెవరేం ఇచ్చారు, కష్టపడితే ఎవరైనా పైకొస్తారు" అని ఒకాయన గట్టిగా అన్నారు. అతిథిగా వచ్చిన తెల్లాయన, రిటైరైన ప్లంబరు, తానూ పేదింట్లోనే పుట్టానని ముందే చెప్పారు. అయినా, జీవితంలో పడ్డ ఇబ్బందుల్లో తన ఒంటి రంగు వల్ల వచ్చింది ఒక్కటీ గుర్తులేదని, అది తనకి తెలియడానికే యాభై ఏళ్లు పట్టిందని అన్నారు. కష్టపడితే చాలు అనేదానికి ఒక లెక్క కూడా అక్కడ చెప్పుకున్నాం. 2004లో అచ్చయిన ఒక అధ్యయనంలో బోస్టన్, షికాగోల్లో ఉద్యోగ ప్రకటనలకి ఒకేలాంటి రెజ్యూమెలు పంపారు, మారింది పేర్లే. తెల్లవాళ్ల పేరులా వినిపించేవాటికి నల్లవాళ్ల పేరులా వినిపించేవాటికన్నా యాభై శాతం ఎక్కువ ఫోన్లు వచ్చాయి. అంటే చదువూ అనుభవమూ సమానంగా ఉన్నా పేరు దగ్గరే ఆగిపోతోంది. ఇంటిపేరు పొడుగ్గా ఉందని మనవాళ్లు లింక్డిన్‌లో పేరు కుదించుకోవడం ఎందుకో ఆలోచించండి, ఇది మనకి అర్థంకాని విషయమేమీ కాదు.

చాలామందిని కదిలించింది ఇళ్ల సంగతి. పక్కనే ఉన్న ప్రెయిరీ విలేజ్ ఊళ్లో ఇల్లు కొన్న మన సభ్యులొకరు ఆ ప్లాట్ల పాత నిబంధనల కాగితం తెచ్చి తెర మీద చూపించారు. పెరడు ఎంత వదలాలి, కంచె ఎంత ఎత్తుండాలి అని రాసుకుంటూ వచ్చి, అదే వరసలో, అదే అక్షరాల్లో, ఈ స్థలం నల్లవాళ్లకి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అని ఉంది. ఆ కాలనీలు కట్టిన జె.సి. నికల్స్ ఈ షరతుని తన ప్లాట్లకి పెట్టాడు. 1948లో సుప్రీంకోర్టు ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదంది, 1968లో ఇళ్ల విషయంలో ఈ వివక్షని నిషేధిస్తూ చట్టమే వచ్చింది, అయినా ఆ కాగితాల్లో మాట అలాగే మిగిలింది. 1934 నుంచి ప్రభుత్వం ఇంటి అప్పులకి పూచీ ఇచ్చినప్పుడు నల్లవాళ్లుండే పేటల్ని పక్కన పెట్టింది. కాన్సస్ సిటీలో నల్లవాళ్ల పేటలకీ తెల్లవాళ్ల పేటలకీ హద్దుగా నిలిచిన ట్రూస్ట్ అవెన్యూ రోడ్డుకి తూర్పున ఉన్నవాళ్లకి అప్పు పుట్టలేదు, పడమర ఉన్నవాళ్లు తక్కువ వడ్డీకి కొన్న ఇల్లు ముప్ఫై ఏళ్లలో ఆస్తి అయింది, ఆ ఆస్తితో పిల్లలు కాలేజీకి వెళ్లారు. మనం ఇల్లు కొనేటప్పుడు "ట్రూస్ట్ అవతల వద్దండీ, ఏరియా మంచిది కాదు" అని కొత్తగా వచ్చినవాళ్లకి చెప్తాం. ఆ ఏరియా అలా ఎందుకుందో, ఎవరు అలా చేశారో తెలుసుకోకుండా ఇంకొకరికి ఆ మాట చెప్పడం ఆపాలని నా గట్టి అభిప్రాయం. నికల్స్ పేరు మీదున్న ఫౌంటెన్‌కి 2020లో ఆ పేరు తీసేశారు, పేరు తీసినంత మాత్రాన అప్పుడు దొరకని అప్పులు ఇప్పుడు తిరిగి రావు.

పిల్లలతో కలిసి మెరియమ్ అనే పక్క ఊరి కథ చదివాం. మన ఇళ్ల పక్కనే జరిగిన ఈ కథ మనలో చాలామందికి తెలియదు. 1947లో అక్కడ సౌత్ పార్క్‌లో తెల్లపిల్లలకి కొత్త బడి కట్టారు, పన్నులు మాత్రం అందరి దగ్గరా తీసుకున్నారు. నల్లపిల్లలు చదివే వాకర్ స్కూల్లో మరుగుదొడ్డి కూడా లోపల లేదు, ఎనిమిది తరగతులకి ఇద్దరే టీచర్లు. ఎస్తర్ బ్రౌన్ అనే తెల్లావిడకి ఈ సంగతి తన ఇంట్లో పనికి వచ్చే హెలెన్ స్వాన్ చెప్పింది. ఎస్తర్ బ్రౌన్ నమ్మింది, వెళ్లి కళ్లారా చూసింది, బోర్డు మీటింగులో అడిగి తిట్లు తింది. 1948లో తల్లిదండ్రులు పిల్లల్ని బడి మాన్పించేస్తే కొరింథియన్ నట్టర్ టీచరు ఉద్యోగం వదిలి వాళ్లతో బయటికి వచ్చి ఇళ్లలో పాఠం చెప్పింది. బ్రౌన్ డబ్బు పోగుచేసింది, ఆమె భర్త ఉద్యోగం పోయింది, ఇంటి ముందు శిలువ తగలబెట్టారు. 1949లో కాన్సస్ సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని కొత్త బడిలో చేర్చుకోమంది. ఆ తర్వాత టొపీకా ఊరి బడుల మీద నడిచిన బ్రౌన్ కేసు (ఈ బ్రౌన్ వేరే), బడుల్లో నల్లపిల్లల్ని వేరుచేయకూడదని 1954లో దేశమంతటికీ వర్తించే తీర్పు మీకు తెలిసినవే. ఎస్తర్ బ్రౌన్ మాటకి కోర్టులో, పేపర్లో దొరికిన విలువ హెలెన్ స్వాన్ ఒక్కతే చెప్తే దొరికేది కాదు, ఆ విలువని ఆవిడ ఎవరికోసం వాడిందో చూడండి. నాకు మాత్రం అందరికన్నా నట్టర్ టీచరే ఎక్కువ, ఆవిడ తన ఉద్యోగమే వదులుకుంది.

అన్నిటికన్నా కష్టమైన సాయంత్రం ఒక నల్లజాతి నర్సుగారు వచ్చి మాట్లాడినప్పటిది. కొడుకుకి కారు నేర్పించేటప్పుడు గేర్ల కన్నా ముందు నేర్పింది, పోలీసు ఆపితే రెండు చేతులూ స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టడం, కాగితాలు గ్లవ్ బాక్సులో కాకుండా సన్ వైజర్‌కి క్లిప్పు పెట్టి ఉంచడం అని కుర్చీలో కూర్చుని చేతులు చాపి చూపించారు. మాట పూర్తి కాకముందే మనలో ఒకరు "మీ అబ్బాయి స్పీడుగా వెళ్లి ఉంటాడేమో" అన్నారు, ఇంకొకరు "మాకూ ఎయిర్‌పోర్టులో అలాగే జరిగింది" అని మొదలుపెట్టారు. ఆవిడ చేతులు దించేసి, తల ఊపి, మంచినీళ్లు తాగారు. ఆ రోజు ఇక పెద్దగా మాట్లాడలేదు. మళ్లీ పిలిస్తే వచ్చారు, అది ఆవిడ మంచితనం. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాం: అతిథి మాట్లాడినంతసేపూ ప్రశ్న, సలహా, మన సొంత కథ ఏదీ ఉండకూడదు, మన కథలకి టీ టైము ఉంది. మనవాళ్లు కష్టం వింటే వెంటనే పరిష్కారం చెప్పేస్తారు, ప్రేమతోనే చెప్తారు, కానీ ఎదుటివాళ్లకి అది నువ్వు చెప్పింది నమ్మలేదు అన్నట్టే వినిపిస్తుంది. ఇంకో నిర్ణయం, అనుభవాలు చెప్పడానికి వచ్చేవాళ్లకి గౌరవ వేతనం ఇస్తున్నాం. డ్యూటీ అయ్యాక వచ్చి తన జీవితం మన ముందు పెట్టే మనిషిని శాలువాతో సరిపెట్టడం అన్యాయం.

మనకీ నల్లవాళ్లకీ సంబంధం ఏమిటనేవాళ్ల కోసం ఒక్క ముక్క. 1923లో, ఇక్కడికి వలస వచ్చిన భగత్ సింగ్ థింద్ అనే ఆయన కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారంది. 1946 దాకా అదే నడిచింది, మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఇక్కడ పరిశోధన చేసిన ఏళ్లలో ఎక్కువ భాగం ఆ నిషేధం కిందే గడిచింది. ఆ తర్వాత కూడా ఏడాదికి వందమందినే రానిచ్చేవారు. దేశాన్ని బట్టి పెట్టిన ఆ కోటాల్ని 1965 చట్టం ఎత్తేసింది, అది అలబామా రాష్ట్రంలోని సెల్మాలో ఓటు హక్కు కోసం నడిచిన నల్లవాళ్లు లాఠీదెబ్బలు తిన్న ఏడాదే, వాళ్ల హక్కుల పోరాటం పెట్టిన ఒత్తిడిలోనే వచ్చింది. మన వీసాలకి దారి వేసింది వాళ్లు. అలాంటప్పుడు మన ఇళ్లలో, మన కార్లలో వాళ్లని తక్కువ చేసే మాట పిల్లల ముందు అనడం సిగ్గుచేటు, దీన్ని మర్యాదగా చెప్పే పద్ధతి నాకు తెలియదు.

చివరి సమావేశంలో ఒక యువ సభ్యుడు లేచి, తాను దళిత కుటుంబం నుంచి వచ్చానని, మన పాట్‌లక్‌లలో (తలా ఒక వంట తెచ్చుకునే విందుల్లో) ఇంటిపేరు అడిగి, ఊళ్లో ఇల్లు ఎటువైపు అని అడిగి కులం కనుక్కునే తీరు తనకి కొత్త కాదని, నల్లవాళ్ల మాట ఇంత శ్రద్ధగా విన్నవాళ్లు తన మాట కూడా వినాలని అడిగాడు. కొందరు అది వేరే సబ్జెక్టు అన్నారు. కార్యవర్గం ఒప్పుకోదు. తన మీద పడని బరువు కనపడకపోవడం తెల్లవాళ్ల ఒక్కరి లక్షణం అయితే మనం ఇంతసేపు చర్చించాల్సిన పనే లేదు. వచ్చే ఏడాది మొదటి రెండు సమావేశాలు దీనికే, అవే నియమాలతో. ఆ కుర్రాడే ఎవరిని పిలవాలో చెప్తాడు. వద్దనుకునేవాళ్లు జనరల్ బాడీకి వచ్చి చెప్పండి, గ్రూపులో మీమ్స్ పెట్టకండి.

మిగిలిన పనులు: టొపీకాలో బ్రౌన్ కేసు స్మారక బడికి పిల్లల బస్సు వేసవి సెలవుల్లో బయల్దేరుతుంది, ముందు పేరిచ్చినవాళ్లకే సీటు. తెలుగు బడికి ఇద్దరు టీచర్లు కావాలి. గౌరవ వేతనాలు, హాలు అద్దె, బస్సు ఖర్చు వేర్వేరుగా చూపించిన లెక్కల పట్టిక కోశాధికారి దగ్గర ఉంది, అడిగినవాళ్లకి పంపిస్తారు. కొత్త కార్యవర్గానికి నామినేషన్లు ఉగాది లోపల ఇవ్వండి, ఆడవాళ్లు, స్టూడెంట్లు ఎక్కువమంది నిలబడాలని నా కోరిక.

ఇట్లు,
కార్యదర్శి