వాన ‘సాధారణం’, చేను బెట్ట

సంపాదకులకు,

జిల్లాలో వర్షపాతం సాధారణమే, స్థూల ఉత్పత్తీ (ఏడాదిలో పండిన, తయారైన సరుకులు, సేవల మొత్తం విలువ) పెరిగింది, మరి కరువు దెబ్బ ఎక్కడని అడుగుతుంటారు. అనంతపురం విషయంలో ఆ రెండు అంకెలూ పక్కదోవ పట్టించేవే.

సాధారణానికి 19 శాతం అటూ ఇటూ ఉంటే వాతావరణ శాఖ లెక్కలో అది ‘సాధారణమే’. ఆగస్టులో మూడు వారాలు చినుకు రాలకపోయినా, సెప్టెంబరు చివర పడే రెండు పెద్ద వానలు కాగితం మీద లోటు పూడ్చేస్తాయి. చేలో పూడదు. విత్తిన మొదటి నెలలో కాస్త బెట్ట తగిలినా వేరుశనగ తట్టుకుంటుంది. 40వ రోజు నుంచి 90వ రోజు దాకా, అంటే ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయగా మారే కాడలు) దిగి గింజ ఊరే కాలంలో, ఎర్రనేల గట్టిపడితే ఊడ లోపలికే పోదు, పోయినవి తాలు కాయలవుతాయి. కాబట్టి మండలంవారీగా రోజువారీ వాన తీసుకుని, విత్తిన తేదీ నుంచి లెక్కపెట్టి, ఆ యాభై రోజుల్లో 2.5 మి.మీ. కూడా పడని రోజులు వరుసగా ఎన్నో చూడాలి. ఏ మండలాన్నైనా దాని పాత ఏళ్లతోనే పోల్చాలి తప్ప పక్క మండలంతో కాదు. నేలలు వేరు, బోర్లు వేరు.

దిగుబడి దగ్గర ఇంకో చిక్కు. దిగుబడి అంచనాకు నమూనా మడి కోసి తూచే పంట కోత ప్రయోగంలో 5×5 మీటర్ల మడి బరువును 400తో హెచ్చవేస్తే హెక్టారు దిగుబడి. మట్టి, తడి కలిసి అర కిలో ఎక్కువ తూగితే చాలు, హెక్టారుకు 200 కిలోలు ఉత్తపుణ్యానికి పుట్టుకొస్తాయి. కాయ ఎండాకే తూచాలి.

ఇక ఆదాయం, అంటే స్థూల ఉత్పత్తి లెక్క. పంటల విలువను జిల్లాలోనే కడతారు. వ్యాపారం, రవాణా వంటివాటికి చాలావరకు రాష్ట్ర మొత్తాన్ని పనివారి సంఖ్య వంటి సూచికలతో జిల్లాలకు పంచుతారు. ఉరవకొండ బట్టల కొట్లో గిరాకీ సగానికి పడిపోయినా ఆ పంపకానికి తెలియదు. మేత లేక పశువులను కబేళాకు తోలితే ఆ ఏడు మాంసం ఉత్పత్తి పెరుగుతుంది. నీళ్లు పడని బోరుకు పెట్టిన ఖర్చూ నిర్మాణం పద్దుకే చేరుతుంది. కరువు ముదిరేకొద్దీ లావెక్కే పద్దులివి! పైగా బోర్ల కింది చీనీ (బత్తాయి), అరటి తోటల విలువ మెట్ట వేరుశనగ నష్టాన్ని మింగేస్తుంది. ఈ రెంటినీ విడదీసి, స్థిర ధరల్లోనే, అంటే ధరల పెరుగుదల తీసేసి చూడాలి.

వ్యాపారం మీద దెబ్బ తెలియాలంటే బైకులు, ట్రాక్టర్ల రిజిస్ట్రేషన్లు, బంగారం తాకట్టు రుణాలు చూడటం మేలు. అదీ ఆగస్టు బెట్టను ఆగస్టు అమ్మకాలతో కాదు, పంట డబ్బు చేతికొచ్చే నవంబరు నుంచి మార్చి దాకా జరిగే అమ్మకాలతో పోల్చాలి. మార్కెట్ యార్డు రాకలను మాత్రం గట్టిగా నమ్మలేం. కాయ చాలాసార్లు కళ్లంలోనే అమ్ముడుపోతుంది.

2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా వేరయింది. పాత జిల్లా అంకె పక్కన కొత్త జిల్లా అంకె పెడితే వేరుశనగ సాగు ఒక్క ఏడాదిలో కుప్పకూలినట్టు కనిపిస్తుంది. వెనకటి ఏళ్లనూ మండలాలు కూడి కొత్త హద్దులకు తిరగరాయాలి. ఆ మండల అంకెలనూ, విత్తిన తేదీలనూ అధికారులు జనానికి అందుబాటులో పెట్టాలని కోరుతున్నాం.

– గణాంక శాఖ విశ్రాంత ఉద్యోగులు, అనంతపురం