చేయెత్తి వచ్చాను

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. భివండీలో వాన వదలడం లేదని రాశావు. ఇక్కడ నల్లగొండలో మబ్బు కమ్మడం వరకే, చినుకు లేదు.

ఆదివారం మన పార్టీ పట్టణ అధ్యక్షుడి ఎన్నిక జరిగింది. ఎన్నిక అని రాయడానికి కలం మొరాయిస్తోంది. పదింటికల్లా రమ్మన్నారు. హైదరాబాద్ నుంచి పరిశీలకుడు దిగేసరికి ఒంటిగంట దాటింది. అప్పటికే బగారా అన్నం దించేశారు. ఆ వాసనకు సగం మంది కదలకుండా కూర్చున్నారు, అబద్ధమెందుకు, నేనూ అంతే.

పోటీలో ముగ్గురు. ఒకాయన కాంట్రాక్టరు. ఇంకొకాయన నిరుడే కండువా మార్చుకుని వచ్చాడు. మూడో ఆయన మన పెద్దాయన, గోడల మీద గుర్తులు రాస్తూ, జెండాలు కడుతూ ముసలివాడయ్యాడు. పరిశీలకుడు ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి అభిప్రాయం అడిగాడు. పెద్దాయన పేరు చెప్పాను. శ్రద్ధగా రాసుకుంటున్నాడని మురిసిపోయి తొంగిచూశాను. కాగితం మీద గళ్లు గీసుకుంటున్నాడు!

ఆ తర్వాత వేదిక మీద ఏకవాక్య తీర్మానం: ఎంపికను అధిష్ఠానానికే వదిలేస్తున్నామని. పక్కవాడి చేయి లేచింది, నాదీ లేచింది. ఎందుకెత్తానని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటున్నాను.

మునిసిపల్ చైర్మన్‌నూ కౌన్సిలర్లు చేతులెత్తే ఎన్నుకుంటారు. కానీ అక్కడ ఎవరి చేయి ఎవరికి లేచిందో లెక్క ఉంటుంది. పార్టీ ఇచ్చిన ఆదేశం, అదే విప్, ధిక్కరిస్తే కౌన్సిలర్ పదవే పోతుంది. 2024 జనవరిలో మన చైర్మన్‌ను అవిశ్వాసంతో దించిందీ ఆ చేతులే. మా చేతులకు ఆ పాటి విలువ కూడా లేకపోయింది. వార్డుల్లో పార్టీ టికెట్, అదే బీ ఫారం, ఎవరికి దక్కాలో మాట సాయం చేసేది పట్టణ అధ్యక్షుడే కదా, అందుకే ఇంత మంట.

నిన్న సాయంత్రం ఫోనుల్లో పేరు వచ్చింది. కాంట్రాక్టరే. టపాకాయలు గడియారం స్తంభం దాకా వినిపించాయి. పెద్దాయనను ఓదార్చాలని ఇంటికి వెళ్దామనుకుంటుండగా ఆయనే ఫోను చేశాడు. కొత్త అధ్యక్షుడికి స్వాగత తోరణం కట్టాలట, నిచ్చెన దొరుకుతుందా అని.

మీ ఇంట్లోది ఇప్పించాను. మీ నాన్నగారు గొణుక్కుంటూనే ఇచ్చారు. దసరాకు వచ్చినప్పుడు అది తిరిగొచ్చిందో లేదో చూసుకో.

నీ
నేనే