రెండో తరగతి: ఈ వారం పాఠాలు, ఇంటిపని

తల్లిదండ్రులందరికీ నమస్కారం. తెలుగులో ద్విత్వాక్షరాలు అయిపోయాయి. సోమవారానికి పిల్లలు వంటింట్లో ఒత్తు ఉన్న పేర్లు పది వెతికి రాయాలి. ఉప్పు, నెయ్యి, జీలకర్ర ఇలాంటివి. వెల్లుల్లిలో రెండు ఒత్తులున్నాయని నిన్న ఒక పాప తనే కనిపెట్టి ఎంత మురిసిపోయిందో! మీరు చెప్పేయకండి, డబ్బాలు చూపించండి చాలు.

లెక్కల్లో అప్పు తెచ్చుకునే తీసివేతలు మొదలుపెట్టాం. 42లోంచి 17 తీయమంటే చాలామంది 35 అని రాస్తున్నారు. 2లోంచి 7 పోదు కదా, అందుకని 7లోంచి 2 తీసేస్తున్నారు. దయచేసి కోప్పడకండి. చింతగింజలు పదేసి కుప్పలుగా పోసి, ఒక కుప్ప విడగొట్టించండి. 25 వాళ్లకే వస్తుంది. రోజుకు ఐదు లెక్కలు చాలు.

నాలుగో ఎక్కం పైకి చదివించండి. రాలిన ఆకులు ఐదు రకాలు సోమవారం తేవాలి, చెట్టు నుంచి కోయొద్దు.

మీ క్లాస్ టీచర్